ఇంటి వడ్డీ, బడి వడ్డీ

కోడిపందెంలో ఓడి మలిదేవుల పక్షం ఏడేండ్లు రాజ్యం విడిచింది. అదే చివరకు మన కారంపూడి రణరంగానికి దారితీసింది. వీరుల ఉత్సవాలలో కోడిపోరును పిల్లలు ఉత్సాహంతో తిలకిస్తారు. ఒడ్డినది ఎవరి సొత్తని అడగరు, మనమూ చెప్పము.

మనుస్మృతిలోని 18 వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం, చివరిది ద్యూతసమాహ్వయం. సమాహ్వయమంటే ప్రాణులతో ఆడే పందెమే!

బడిలో ఉపాధ్యాయుడు ఏడాది వడ్డీ నేర్పుతాడు. ఇంట తండ్రి మిరప పైరుకు 'నూటికి రెండు రూపాయల' అప్పు తెస్తాడు. అది నెల వడ్డీ; ఏడాదికి 24 శాతం. ఈ ముడి పిల్లలకు విప్పేవారు లేరు. పైగా నోటును వారి కంటపడకుండా దాచడం మర్యాద అనుకొంటాము. ఈ కార్తికంలో ఉత్సవం చూసి ఇల్లు చేరాక, ఆ నోటు తీసి, కొడుకుచేతను కూతురుచేతను వడ్డీ లెక్క కట్టించండి.