మొర్రి ఉన్న బిడ్డకు ముందు పాలు, తరువాతే ఆపరేషన్

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఇబ్రహీంపట్నంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మన పాటలు, డప్పులు, ఆటలు విన్నాం, చూశాం. సంస్కృతి నిలవాలంటే ముందు బిడ్డలు నిలవాలి. అందుకే మనం పెద్దగా మాట్లాడుకోని ఒక విషయం మీ ముందు పెడుతున్నాం. అది పై పెదవి చీలి, లేదా అంగిలి చీలి పుట్టే పసివాళ్ల ఆకలి.

మన దగ్గర దీన్ని గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకుంది, కూరగాయ కోసింది, అందుకే ఇలా అయిందని తల్లి మీద నింద వేస్తారు. ఆలోచించండి. గ్రహణం పట్టిన రోజు ఊళ్లో ఉన్న గర్భిణులందరికీ అదే గ్రహణం. అందరి బిడ్డలకూ మొర్రి రాదు కదా! బిడ్డ పెదవి, అంగిలి కలుసుకునేది గర్భం మొదటి మూడు నెలల్లోనే. పెదవి అయితే రెండో నెల దాటేలోపే తయారైపోతుంది. చాలామంది తల్లులకు అప్పటికి కడుపుతో ఉన్నామన్న సంగతే సరిగా తెలియదు. వంశంలో ఉన్న లక్షణాలు, ఫోలిక్ ఆమ్లం వంటి పోషకాల లోటు, పొగ, మద్యం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఇలా కారణాలు అనేకం కలిసి పనిచేస్తాయి. ప్రపంచమంతటా సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతున్నది. ఇందులో తల్లి పాపం ఏమీ లేదు.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. పెదవి మాత్రమే చీలిన బిడ్డ చాలావరకు రొమ్ము పట్టగలుగుతుంది. అంగిలి చీలిన బిడ్డ సంగతి వేరు. నోటికీ ముక్కుకూ మధ్య గోడ లేనందువల్ల చీకే బలం రాదు. బిడ్డ గంటసేపు రొమ్ము దగ్గరే ఉంటుంది, అలసి నిద్రపోతుంది, కడుపు మాత్రం నిండదు. తాగిన కాసిన్ని పాలు ముక్కులోంచి వస్తాయి. తల్లి తనకు పాలు పడలేదనుకుంటుంది. డబ్బా పాలు కొంటే ఖర్చు భయంతో నీళ్లు ఎక్కువ కలుపుతారు. బిడ్డ బరువు పెరగదు, జబ్బులు పట్టుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరని, 29.6 శాతం మంది తగిన బరువు లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మామూలు పిల్లల పరిస్థితే ఇలా ఉంటే, చీకలేని బిడ్డ సంగతి వేరే చెప్పాలా? చేపల వేటకు, ఇటుక బట్టీలకు, కోతలకు ఊళ్లు మారే మన యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాల్లో బిడ్డను తూచేవాళ్లు కూడా ఉండరు.

ఆపరేషన్‌తో అన్నీ సరిపోతాయి కదా అని మీరడగవచ్చు. పెదవి ఆపరేషన్ సాధారణంగా మూడో నెల నుంచి ఆరో నెల మధ్య చేస్తారు. అప్పటికి కనీసం నాలుగున్నర కిలోల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలని డాక్టర్లు చూస్తారు. బరువు లేని బిడ్డకు మత్తు ఇవ్వడం ప్రమాదం, కుట్లు కూడా త్వరగా మానవు. అందుకని వాయిదా వేస్తారు. అంగిలి ఆపరేషన్ 9 నెలల నుంచి ఏడాదిన్నర మధ్య. అంటే అన్నాళ్లూ ఆ బిడ్డను బతికించాల్సింది, బలపరచాల్సింది పాలే.

దానికి సాధనం మన ఇళ్లలోనే ఉంది. అదే ఉగ్గుగిన్నె. తల్లి శుభ్రంగా చేతులు కడుక్కుని, మరిగించి ఆరబెట్టిన గిన్నెలోకి పాలు పిండాలి. బిడ్డను పడుకోబెట్టకుండా, తల పైకి ఉండేలా నిటారుగా ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. ఉగ్గుగిన్నెతోనో, చెంచాతోనో బుగ్గ పక్కగా కొద్దికొద్దిగా పోస్తూ, మింగాకే మళ్లీ పోయాలి. గాలి ఎక్కువ మింగుతుంది కాబట్టి మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పు తీయించాలి. ఒక్కో విడత అరగంటకు మించితే బిడ్డ తాగినదంతా అలసటకే పోతుంది. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా పట్టాలి. ముక్కులోంచి పాలు వస్తే భయపడవద్దు. కాసేపు ఆగి, తుడిచి, మళ్లీ పట్టవచ్చు. కానీ బిడ్డ నీలంగా మారినా, ఎగశ్వాస వచ్చినా, పాలు తాగడం మానేసినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆరు నెలలు నిండాక మెత్తగా మెదిపిన పప్పన్నం, గుడ్డు, చిక్కటి రాగి జావ, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం అన్నీ పెట్టవచ్చు. మొర్రి ఉందని పలచటి గంజితో సరిపెట్టకూడదు.

యువతకు మేం అప్పగించే పనులు నాలుగు.

మొదటిది, కాలనీలో ఇలాంటి బిడ్డ పుడితే ఆ వారమే ఆశా కార్యకర్తకు తెలపండి. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. రాకపోతే అడగండి.

రెండోది, వారానికోసారి అంగన్‌వాడీలో తూకం వేయించండి. తొలి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. రెండు వారాలు నిండినా పుట్టిన బరువుకు చేరకపోతే ఆలస్యం చేయవద్దు.

మూడోది, కాగితాలు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఈ ఆపరేషన్ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద కూడా మొర్రి ఉన్న పిల్లలను గుర్తించి పంపాలి. ఆధార్, రేషన్ కార్డు లేక ఆగిపోయే కుటుంబాలు మనలోనే ఎక్కువ. ఫోన్ వాడటం వచ్చిన మీరు సచివాలయానికి వాళ్లతో వెళ్లండి. వివరాలకు 104కు ఫోన్ చేయండి. ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్‌లో బస్సెక్కితే విజయవాడ దూరం కాదు. తోడు లేకపోవడమే దూరం.

నాలుగోది, ఆ తల్లిని ఎవరైనా నిందిస్తుంటే ఊరుకోవద్దు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ప్రాంతంలో మొర్రితో పుట్టిన పింకీ అనే పాప బడికి దూరమై, ఆపరేషన్ తరువాత ఎలా మారిందో చూపిన 'స్మైల్ పింకీ' డాక్యుమెంటరీకి 2009లో ఆస్కార్ వచ్చింది. ఆ పాప లాంటి పిల్లలు మన గూడేల్లోనూ ఉన్నారు. వాళ్లను దాచిపెట్టకుండా, బడిలో, ఆటలో, మన వేదికల మీద కూడా చోటివ్వాలి.

బిడ్డ ఏడుస్తుంటే ఒక ఇంటి బిడ్డ అనుకోకుండా గూడెం బిడ్డ అనుకోవడం మన పెద్దలు నేర్పిన తీరు. ఆ తీరునే కొనసాగిద్దాం.