కలహమునకు మొదటి హెచ్చరిక
(ఐ. పోలవరమున పఠనాలయ సభయందలి ఉపన్యాసము)



గోదావరితో కాపురము చేయుట మనము తరతరములుగా నేర్చినాము. ధవళేశ్వరమువద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరిన మొదటి హెచ్చరిక. 13 లక్షలకు రెండవది. 17 లక్షలకు మూడవది. ఆ అంకె చెవినిబడగానే లంకరైతు పశువులను గట్టు కెక్కించును, పడవవాడు పడవను సిద్ధపరచును. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. అప్పుడును ఏ అంకెకు ఏమి చేయవలయునో పల్లెపల్లెకును తెలిసియుండెను.

ఆ యేటనే, వరదకు ముందు, మే నెలలో ఈ సీమపై మఱియొక పొంగు వచ్చినది. దానిని కొలుచు కొలబద్ద మనకడ లేకపోయెను.

జరిగినది మీ రెఱుగుదురు. 2022 ఏప్రిలు 4వ తేదీన కోనసీమ జిల్లా యేర్పడెను. జిల్లాకు డాక్టరు అంబేద్కరు పేరు పెట్టవలయునని దళితులు కోరిరి. మే 18న ప్రభుత్వము ఆ పేరును ప్రతిపాదించి, అభ్యంతరములు తెలుపుటకు ముప్పది దినముల గడువొసగెను. గడువులో వారమైన గడువలేదు. మే 24న అమలాపురము తగులబడెను. నాటి మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లును, నాటి మన ముమ్మిడివరము శాసనసభ్యులు పొన్నాడ సతీష్‌కుమార్ గారి ఇల్లును దగ్ధమయ్యెను. బస్సులు కాలెను, పోలీసులు గాయపడిరి. పిమ్మట పలుదినములు అంతర్జాలము నిలిచిపోయెను. ఆగస్టులో పేరు స్థిరపడెను. పేరును కాదన్నవారికి ఆ మంటవలన కలిగిన లాభమేమి? కేసులు పడినవి, చదువుకొను పిల్లల భవిష్యత్తు సందేహమున బడినది, ఇరుగుపొరుగుల నడుమ మాట తగ్గినది.

అభ్యంతరము చెప్పుట పౌరుని హక్కు. రాజ్యాంగమును కూర్చిన మహనీయుని పేరు కోరుటయు హక్కే. హక్కునకును అగ్గిపుల్లకును నడుమ ఆరు దినములుండెను. ఆ ఆరు దినములలో ఊరి పెద్దలమగు మన మేమి చేసితిమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకే నే డిచ్చట కూడినాము.

కలహము పిడుగువలె పడునది కాదు. దానికిని మూడు హెచ్చరికలు గలవు. మొదటిది మాట. తిట్టు, ఎగతాళి, పుకారు చేతిఫోనులలో ఇంటింటికి ప్రాకుట. రెండవది ఎడము. నిన్నటిదాక పిలిచిన కూలిని నేడు పిలువకుండుట, అంగడిలో సరకు నిరాకరించుట, పిల్లలను వేఱుగా కూర్చుండబెట్టుట. మూడవది పిలుపు. ఫలానా దినమున, ఫలానా కూడలికి రండను వార్త.

ఇది ఊహగాదు. గుంటూరుసీమలోని చుండూరులో 1991 జూలైన సినిమాహాలులో చిన్న తగవు పుట్టెను. తరువాత దళితులకు పనులు మాన్పించిరి. సాంఘిక బహిష్కారము సాగెను. ఆగస్టు 6న ఎనమండుగురు దళితులు హతులైరి. నిషేధాజ్ఞయు, పోలీసు కాపలాయు నుండగనే ఈ ఘోరము జరిగెను. రెండవ హెచ్చరిక దాదాపు నెలదినములు మ్రోగినను ఆ మ్రోతను ఆలకించి కదలిన చేయి లేకపోయెను. అమలాపురమున సయితము నిషేధాజ్ఞ అమలులోనే యుండెను. కాగితముపై ఆజ్ఞ యొక్కటియే కాపాడదు, ఊరు కాపాడవలయును.

ఊరు కాపాడిన దృష్టాంతములు లేకపోలేదు. మహారాష్ట్రమందలి భీవండి 1984లో మతకలహములచే రక్తసిక్తమయ్యెను. 1988లో అచ్చటి పోలీసు అధికారి సురేష్ ఖోపడే వాడవాడకును ఉభయ మతస్థులతో మొహల్లా సంఘములు నెలకొల్పెను. 1992–93లో ప్రక్కనున్న బొంబాయి మండుచుండగా భీవండి ప్రశాంతముగా నుండెను. ఆఫ్రికాలోని కెన్యాదేశమున వజీరను కరవుసీమ గలదు. తెగలపోరుతో క్రుంగిన ఆ సీమయందు 1990 దశకపు తొలినాళ్లలో స్త్రీలు మొదట సంతలో కూడిరి. ఏ తెగవారైనను నిర్భయముగా కొనవచ్చును, అమ్మవచ్చునని కట్టుబాటు చేసికొనిరి. ఆ చిన్న ఏర్పాటే శాంతిసంఘమై, పెద్దలను, యువకులను, అధికారులను ఒక్కచోటికి చేర్చెను. అందు ముఖ్యురాలగు దేఖా ఇబ్రహీం అబ్దీ 2007లో రైట్ లైవ్లీహుడ్ పురస్కార మందెను.

మనకు చట్టమును గలదు. 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము ననుసరించి 1995లో వెలువడిన నియమావళిలో, జిల్లా కలెక్టరు అధ్యక్షతను నిఘా పర్యవేక్షణ సంఘము మూడు మాసములకొకమారైన సమావేశము కావలయునని యున్నది. అత్యాచారములు జరుగు ప్రమాదమున్న చోట్లను ముందుగానే గుర్తింపవలయుననియు నున్నది. ఆ సంఘమునకు ఊరినుండి వార్త పోవు త్రోవ యేది? ఆ త్రోవను మనమే వేయవలెను.

దీనికి ధనము పనిలేదు. ప్రతి పంచాయతిలోను అన్ని పేటలనుండి పదిమంది చాలును. దింపు కార్మికుడు, డ్వాక్రా సంఘపు స్త్రీ, ఉపాధ్యాయుడు, ఆశా కార్యకర్త, టీకొట్టు యజమాని వంటివారు కావలయును. ఊరి నాడి వీరి చేతిలో నుండును. పేటకొక స్త్రీయైన నుండుట ముఖ్యము. మొదటి హెచ్చరిక కనబడిన నాడే ఇరుపక్షముల పెద్దలును కలిసి నిజము విచారించి, పుకారును బహిరంగముగా ఖండింపవలెను. రెండవదానికి పనులు, బేరములు నిలిచిపోకుండ చూడవలెను, తహసీలుదారుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. మూడవదానికి క్షణమాలస్యము లేక పోలీసులకు తెలిపి, తమ యింటి యువకులను తామే ఆపుకొనవలెను. పరుల పిల్లలకు బుద్ధి చెప్పుట సులభము. మన పిల్లవాని భుజముపై చేయివేసి నిలుపుట కష్టము. అదియే అసలు పని.

రెండు జాగ్రత్తలు చెప్పి విరమింతును. ఈ సంఘము చాడీలు మోయు సంఘము కారాదు. చెప్పదలచినది ఉభయులయెదుట చెప్పవలెను. దెబ్బ తిన్నవానిచేత బలవంతముగా రాజీకాగితముపై సంతకము పెట్టించుట శాంతి గాదు. నేరమునకు న్యాయస్థానమే దిక్కు. న్యాయము లేని నిశ్శబ్దము బూడిదక్రింది నిప్పు వంటిది.

1996 నవంబరు 6 నాటి తుపాను ఈ తీరమును ఊడ్చివేసినప్పుడు శవమును మోసిన భుజ మే కులముదని ఎవరును అడుగలేదు. విపత్తు వచ్చిన పిదప కలిసిన చేతులు, విపత్తు రాకమునుపే కలియుట యేల కాదు? వచ్చు ఆదివారమునాడే మీమీ పేటలలో ఆ పదిమంది యెవరో నిర్ణయింపుడు. నది నెట్లు కనిపెట్టి చూతుమో, మన మాటల నట్లే కనిపెట్టి చూతము.