సన్మానపత్రం చదివేదెవరు?

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పాటకచేరీకి, నృత్యనాటికకు మధ్య మాకు కొంత సమయం ఇచ్చారు. వంటల వైపు నుంచి పులిహోర వాసన అప్పుడే వస్తున్నది గనుక ఆ సమయం దాటితే మా మాట ఎవరూ వినరని మాకు తెలుసు.

ఉద్యోగంలో తాను చేసిన పనిని తానే ధైర్యంగా చెప్పుకోవటం ఎట్లా అనేది మాకు ఇచ్చిన విషయం. వినగానే పెద్దలు కొందరు ముఖం చిట్లించి వుంటారు. సొంత డబ్బా కొట్టుకోవటం కూడా ఒక విద్యేనా అని. వారి అభ్యంతరం తీసిపారేయదగినది కాదు. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాము.

మనకు పొగడ్తలంటే గిట్టదని ఎవరూ అనలేరు. ఈ వేదిక మీదే చూశాం గదా. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, ఒకరు సన్మానపత్రం చదువుతారు. అందులో డాక్టరుగారు అపర ధన్వంతరి, ఇంజనీరుగారు సాక్షాత్తు విశ్వకర్మ. ఆ పెద్దమనిషి మాత్రం తల వంచుకుని కూర్చుంటాడు. తరువాత మైకు ముందుకు వచ్చి "ఇదంతా మీ అభిమానం, నాదేమీ లేదు" అంటాడు. పని ఒకరిది, దాన్ని చెప్పే నోరు మరొకరిది. మన ఏర్పాటు అది. ఊళ్ళో వున్నప్పుడు అది చక్కగానే నడిచింది. మనం చెప్పుకోనక్కరలేకుండా మేనమామ చెప్పేవాడు, పంతులుగారు చెప్పేవారు, పక్కింటి పిన్నిగారు చెప్పేది. ఈ దేశంలోనూ మన అమ్మలు కొరత రానివ్వటం లేదు. పాట్‌లక్ భోజనాల్లో పప్పు వడ్డించేలోపల మా అమ్మాయి ఏ కాలేజీ, మా అబ్బాయి ఏ కంపెనీ అన్నీ తెలిసిపోతాయి.

చిక్కల్లా ఆఫీసులోనే. అక్కడ సన్మానపత్రం చదివే ఉద్యోగం ఎవరికీ ఇవ్వలేదు. ఏడాదికొకసారి ఒక కాగితం చేతికిచ్చి "ఈ సంవత్సరం మీరేం చేశారో రాయండి" అంటారు. మనవాడు రెండు వాక్యాలు రాస్తాడు: "అప్పగించిన పనులన్నీ పూర్తయ్యాయి. అందరూ సహకరించారు." ఇది తెలుగులో ఎంతో మర్యాదగల మాట. పని దానంతట అదే అయిపోయినట్టు, చేసినవాడెవడూ లేనట్టు. ఇంగ్లీషులో చదివే పై అధికారికి మాత్రం నిజంగానే ఎవడూ చెయ్యలేదేమో అనిపిస్తుంది. మన భాషలో "నేను" అనటానికి నోరు రాదు. ఇప్పుడు మేము "మేము" అంటున్నామే, మీరు గమనించే వుంటారు!

ఆత్మస్తుతి తప్పని మన పెద్దలు చెప్పిన మాట నిజం. భారతంలో కర్ణపర్వంలో ఒక ఘట్టం వుంది. కర్ణుడి చేతిలో దెబ్బతిని శిబిరంలో వున్న ధర్మరాజు, గాండీవాన్ని ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అర్జునుణ్ణి నిందిస్తాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ. అన్నగారిని "నువ్వు" అని అమర్యాదగా మాట్లాడు, పెద్దవాణ్ణి అవమానిస్తే చంపినట్టే అని కృష్ణుడు దారి చూపిస్తాడు. ఆ పని చేశాక అర్జునుడు సిగ్గుతో తననే నరుక్కోబోతాడు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వు పొగుడుకో, అదీ ఆత్మహత్యతో సమానమే అంటాడు. అర్జునుడు తన పరాక్రమమంతా ఏకరువు పెడతాడు. ఆత్మస్తుతిని మనవాళ్ళు ఎంత పెద్ద శిక్షగా భావించారో చూడండి.

కాని అదే సంస్కృతిలో తిరుపతి వెంకట కవులు కూడా వున్నారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు మీసాలు పెంచి, తమను ఓడించినవాడు వుంటే తీసేస్తామని సభల్లో సవాలు చేశారు. తెలుగుదేశం కోపగించలేదు, మురిసిపోయింది. ఎందుకంటే వారు సభలో నిలబడి, పృచ్ఛకులు అడిగినదానికల్లా అక్కడికక్కడే పద్యం చెప్పారు. పరీక్షకు నిలబడే మాటను మనవాళ్ళు డబ్బా అనలేదు. ఇంకొంచెం కిందికి దిగి చెపుతాము. ఈ ఏడు ఎకరానికి ఎంత పండిందని గోదావరి రైతును అడగండి. ముప్పై బస్తాలయితే ముప్పై అంటాడు. అది గొప్ప చెప్పుకోవటం కాదు, లెక్క చెప్పటం. ముప్పై పండించి "ఏదో పండిందిలెండి" అంటే కొనవచ్చినవాడు ఏ ధర కడతాడు?

ఇక లెక్క చెప్పని మహానుభావుడి సంగతి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు చెయ్యెత్తండి, యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు విన్నవారు ఎంతమంది?

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నానికి గాని కాలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఒక దొర ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారు. మామగారి సాయంతో బోస్టన్‌లో దిగారు. హార్వర్డులో చదువుతూ పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగునుబట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. మనం చెయ్యెత్తితే ఆ చేతికి శక్తినిచ్చే పదార్థాలు ఇవే. (ఏ.టి.పి.ని అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు.) అయినా హార్వర్డు ఆయనకు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. ఎనిమిదేళ్ళలో ఆయన నడిపిన బృందాలు చేసిన పని చూడండి. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఆయన అన్నదమ్ములిద్దరిని బలిగొన్న స్ప్రూ జబ్బుకు పనికివచ్చే మందు అది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలుకు పంచిన డి.ఇ.సి. మాత్రలు అక్కడివే. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అక్కడిదే. 1948లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో ల్యుకీమియా పిల్లలకిచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కు తగ్గటం చూసిన అమైనోప్టెరిన్ ఆ ప్రయోగశాల నుంచి వెళ్ళిందే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఈ సభలోని డాక్టర్లు ఈనాటికీ రాస్తూనే వున్నారు. ఆ 1948 ఆగస్టులోనే ఆయన 53 ఏళ్ళకు పోయారు.

ఆయన పత్రికలవారికి ఇంటర్వ్యూలు ఇచ్చేవారు కాదు, ఉపన్యాస యాత్రలు చెయ్యలేదు. శాస్త్రజ్ఞులు తమ పనికి తమ పేరు ముడిపెట్టుకోవటానికి మామూలుగా చేసేవేవీ ఆయన చెయ్యలేదని చూసి ఒక పేటెంటు న్యాయవాది ఆశ్చర్యపోయాడని చెపుతారు. ఆయన మౌనం ఒక్కటే కారణమని మేము అనటం లేదు. 1923లో సుప్రీంకోర్టు థింద్ కేసులో భారతీయులకు పౌరసత్వం లేదన్నది. ఆ తలుపు 1946లో గాని తెరుచుకోలేదు. అప్పట్లో గోధుమవర్ణపు మనిషి తన లెక్క తాను చెప్పినా ఎంతమంది వినేవారో! అది సరే. కాని నష్టం ఎవరికి జరిగిందో చూడండి. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు, ఫిస్క్ అసూయవల్ల కాబోలు, వెలుగు చూడలేదనీ, ఏళ్ళ తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అన్నాడు. అంటే పోయింది ఒకరి కీర్తి మాత్రమే కాదు. కొన్నేళ్ళ పరిశోధన. ఆయన పేరు పత్రం మీద వున్నచోట మటుకు నిలిచింది. జీవరసాయన ప్రయోగశాలల్లో భాస్వరం కొలిచే పద్ధతికి ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు. 1995లో భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసేనాటికి ఆయన పోయి 47 ఏళ్ళు.

అది పాతకాలమని యువకులు అనవచ్చు. అయితే మొన్నమొన్నటి సంగతి చూడండి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళగారు 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. ఆ అక్టోబరులో ఫీనిక్స్‌లో కంప్యూటరు రంగపు మహిళల సభ జరిగింది. జీతం పెంచమని అడగటానికి జంకే ఆడవాళ్ళకు మీ సలహా ఏమిటని మరియా క్లావే వేదిక మీద ఆయనను అడిగింది. అడగటం ముఖ్యం కాదు, వ్యవస్థే తగిన ప్రతిఫలం ఇస్తుందని నమ్మండి, అడగకపోవటం కూడా ఒక మంచి కర్మే అన్న ధోరణిలో ఆయన జవాబిచ్చారు. మన ఇళ్ళల్లో అమ్మమ్మ చెప్పే మాటే! మైక్రోసాఫ్ట్ డైరెక్టర్లలో ఒకరైన క్లావే అక్కడే కాదన్నది. ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగానికి తాను జీతం బేరమాడక నష్టపోయిన సంగతి చెప్పింది. ఆ రోజే నాదెళ్ళగారు తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకుని, అర్హత వుందనుకుంటే అడగండి అని ఉద్యోగులకు రాశారు. అంత ఎత్తుకు ఎదిగిన మనిషి నోటినుంచి కూడా అనుకోకుండా ముందు వచ్చింది ఆ పాత పాఠమే. మన ఆడపిల్లల నోటికి ఈ తాళం రెండింతలు. ఆడపిల్ల అణకువ ఒకటి, తెలుగు వినయం ఒకటి. ఇరవై ఏళ్ళు లాబొరేటరీ నడిపిన ఇల్లాలు కూడా కొత్తవారికి పరిచయమయ్యేటప్పుడు "మావారు కార్డియాలజిస్టండి" అనే మొదలుపెడుతుంది.

చెయ్యవలసింది పెద్ద విద్యేమీ కాదు. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రం ఇంటికి బయలుదేరేముందు రెండు పంక్తులు రాయండి: ఏం చేశాను, దానివల్ల ఏం మారింది. ఏడాది చివర గుర్తు తెచ్చుకుందామంటే ఎవరికీ గుర్తుండదు. "రిపోర్టులు సకాలంలో అందాయి" అని కాదు, "మూడు వారాలు పట్టే రిపోర్టును నేను నాలుగు రోజులకు తెచ్చాను, అందుకు ఈ మార్పు చేశాను" అని. అంకె వున్నచోట విశేషణం అక్కరలేదు. తోడు చేసినవారి పేరు తప్పక చెప్పండి. అది మన మర్యాద, దాన్ని వదులుకోవద్దు. కాని తోడు చేసినవారి పేరు రాసి తన పేరు ఎగరగొట్టటం మర్యాద కాదు, తప్పుడు లెక్క. చెయ్యనిదాన్ని చేశానన్నా తప్పుడు లెక్కే. అట్లా అనేవాళ్ళు మన ఆఫీసుల్లో లేకపోలేదు. వాళ్ళను చూసి మనం నోరు మూసుకోవటం, వాళ్ళకు ఇంకొంత చోటు ఇవ్వటమే.

పిల్లలకు ఒక మాట. మీరు బడిలో తరగతి ముందు నిలబడి మాట్లాడటం నేర్చారు, కాలేజీ అర్జీకి మీ గురించి మీరే వ్యాసం రాశారు. ఇంటికొస్తే "ఎక్కువ మాట్లాడకు" అన్నాం. రెండూ విని కొందరు తికమకపడ్డారని మాకు తెలుసు. తల్లిదండ్రులు చెప్పింది పక్కవాణ్ణి చిన్నబుచ్చవద్దని, అంతే. మీ పని మీరు దాచుకోమని కాదు.

పెద్దలకు ఇంకొకటి. సముద్రపు ఒడ్డున హనుమంతుడు తన బలం తాను ఎరగక కూర్చున్నప్పుడు జాంబవంతుడు వచ్చి ఏకరువు పెట్టాడు. ఆఫీసులో ఆ జాంబవంతుడు ఇంకా దొరకలేదు. ఇక్కడ ఇన్ని వందలమంది వున్నాం. కార్యవర్గంవారు మాకు ఒక గది ఇస్తామన్నారు. భోజనాలయ్యాక పదహారేళ్ళు నిండిన పిల్లలు, ఉద్యోగాలు చేసే తల్లులు, తండ్రులు రండి. ఇద్దరిద్దరుగా కూర్చుందాం. ముందు ఎదుటివారు ఈ ఏడాది ఏం చేశారో అడిగి తెలుసుకుని, లేచి మీరు చెప్పండి. అది మనకు అలవాటైన పనే. తరువాత అదే లెక్కను ఎవరిది వారు, "నేను" అని మొదలుపెట్టి చెప్పాలి. కాగితాలు మేము తెస్తాము, పెన్నులు మీరు తెచ్చుకోండి.