ఆసుపత్రిలో వినవచ్చు మాటలు
(పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగము)



మీలో చాలమంది ఇంటి తలుపును ఏదో ఒక దినమున ఎవరో వచ్చి తట్టియే యుందురు. పొలము గట్టు తగాదాకు కాదు, వీధి కుళాయికి కాదు. ఆసుపత్రి కాగితము ముందుకు చాచి, "అయ్యా, ఇందులో ఏమి వ్రాసినారో కొంచెము చూచి చెప్పండి" అని అడుగుటకు. పంచాయతీ సభ్యుడు వైద్యుడు కాడు. అయినను ఊరిలో ఆ కాగితము తరచుగా మొదట చేరునది ఆయన చేతికే. అందుచేత నేడు రోగములను గూర్చి గాక, ఆసుపత్రులలో వినవచ్చు కొన్ని మాటలను గూర్చి ముచ్చటింపదలచినాము.

వానిలో మిక్కిలి చిక్కు తెచ్చినది 'నెగటివ్' అను మాట. మా ఎరుకలోని ఒక వ్యవసాయ కూలీకి క్షయ సోకినది. కళ్లె పరీక్షలో 'పాజిటివ్' అని వచ్చినప్పుడు, అది మంచి మాటయే కాబోలునని ఇంటివారు ఊరట చెందినారు. ఆశా కార్యకర్త వచ్చి విడమరచి చెప్పిన పిమ్మట మందులు మొదలైనవి. రెండు మాసములు అతడు నియమము తప్పక మ్రింగినాడు. దగ్గు తగ్గినది, ఒంటికి కండ పట్టినది. మరల పరీక్షింపగా 'నెగటివ్' అని వచ్చినది. ఆ కాగితము అతడు మాకు చూపినాడు. మేము "చాల సంతోషము" అని తిరిగి ఇచ్చినాము. రోగము పోయినదని తలచి అతడు మందు మాని మిరపకాయల కోతకు పొరుగు జిల్లాకు పోయినాడు. ఏడాది తిరుగకమునుపే నెత్తురు కక్కుచు ఇంటికి వచ్చినాడు. ఆనాడు మేము ఇంకొక్క మాట చెప్పియుండిన బాగుండెడిదని నేటికిని నొచ్చుకొనుచుందుము.

ఆ మాట ఏమనగా: 'పాజిటివ్' అన్న, వెదకినది దొరికినదని అర్థము. 'నెగటివ్' అన్న, వెదకినది ఆ నమూనాలో కనబడలేదని అర్థము. అంతకు మించి వానిలో మంచియు లేదు, చెడ్డయు లేదు. కొత్త కోడలి గర్భపరీక్ష పాజిటివ్ అయిన ఇంటిల్లిపాదికి పండుగ. కళ్లె పరీక్ష పాజిటివ్ అయిన దిగులు. నెత్తుటి గ్రూపు 'ఓ పాజిటివ్' అనుటలోని మాట వేరు. అది రోగమే కాదు.

సాధారణ క్షయకు చికిత్స ఆరు మాసములు. మొదటి రెండు మాసములు నాలుగు మందులు, తరువాతి నాలుగు మాసములు మూడు మందులు. రెండవ మాసము చివర వచ్చిన నెగటివ్, మందు పని చేయుచున్నదని తెలుపునే గాని పని ముగిసినదని తెలుపదు. కళ్లెలో కనబడని క్రిములు ఊపిరితిత్తులలో దాగియుండును. నడుమ మందు మానినచో అవి మరల పెరుగును; ఒక్కొక్కప్పుడు ఆ మందులకు లొంగని విధముగా మారును. అప్పుడు చికిత్స మరింత కష్టమగును.

పూర్వము స్తోమత గలవారు మదనపల్లె దగ్గర 1915లో తెరచిన ఆరోగ్యవరము వంటి శానిటోరియములలో నెలల తరబడి ఉండెడివారు. అక్కడ రోగి ఒక మాటను పొరబడినచో సరిదిద్దుటకు నర్సు ప్రక్కనే ఉండెడిది. ఇంటివద్ద మందు తీసికొన్నను ఫలితము తగ్గదని మద్రాసులోని పరిశోధకులు 1959లో ప్రకటించినారు. అది పేదలకు గొప్ప మేలు. కాని మందుతోపాటు ఆ మాటలును మన పంచలోనికి వచ్చినవి. వాని అర్థము చెప్పు నర్సు మాత్రము వెంట రాలేదు.

ఇక రెండవ మాట 'రిఫర్'. "పెద్దాసుపత్రికి వ్రాసినారు" అనగానే ఇంటిలో ఏడ్పులు మొదలగును. చేతులెత్తివేసినారని కొందరు, కడసారి చూపునకు ఇంటికి తీసికొనిపోదమని కొందరు. రిఫర్ అనగా, ఈ పనికి కావలసిన యంత్రమో, నిపుణుడో ఇక్కడ లేడు, ఉన్నచోటికి పొమ్ము అని చెప్పుట. పక్షవాతమునే తీసికొందము. మెదడు రక్తనాళములో గడ్డ అడ్డుపడినచో, దానిని కరగించు సూదిమందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఈయకముందు మెదడులో నెత్తురు చిమ్మలేదని సి.టి. స్కానులో చూచుకొనవలెను. ఆ యంత్రము ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉండదు. కనుక పది నిమిషములలో 'రిఫర్' అని వ్రాసిన వైద్యుడు రోగిని వదలించుకొన్నట్లు కాదు, కాలమును కాపాడినట్లు. మేనమామ వచ్చువరకు ఆగుట, తెల్లవారిన పిమ్మట బండి కట్టించుకొనుట అప్పుడు పనికిరావు. 2005 నుండి 108 బండి ఉన్నది, వెంటనే పిలువవలెను. ఏ ఆసుపత్రికి, ఎంత సేపటిలో చేరవలెనో అడిగి తెలిసికొనవలెను. రోగి చివరిసారి మామూలుగా ఉన్న వేళను కాగితముపై వ్రాసికొనవలెను. అక్కడి వైద్యుడు మొదట అడుగునది అదియే.

'నార్మల్' అను మాటయు నెగటివ్‌కు చుట్టమే. రక్తపోటు 140/90 దాటినవారికి మందు వ్రాసెదరు. కొంతకాలమునకు 120/80 వచ్చును. "నార్మల్ అన్నారు కదా" అని మందు మానినవారిని మేము ఎందరినో చూచినాము. మందు వేసికొనుచుండగా వచ్చిన నార్మల్ మందు తెచ్చిన నార్మల్. మానవలెనో లేదో వైద్యుడే చెప్పవలెను.

మందుల చీటీలోని పొడి అక్షరములు అంత కష్టమైనవి కావు. ఓ.డి. అన్న దినమునకు ఒకసారి, బి.డి. అన్న రెండుసార్లు, టి.డి.ఎస్. అన్న మూడుసార్లు. ఎస్.ఓ.ఎస్. అన్న బాధ ఉన్నప్పుడు మాత్రమే. రోజును మ్రింగునది కాదు. ఎన్.బి.ఎం. అన్న నోటిద్వారా ఏమియు ఈయరాదని. ఆపరేషనుకు ముందు తల్లి మనసు ఊరుకొనక బిడ్డకు రెండు ఇడ్లీలు తినిపించును. మత్తులో ఆ తిండి పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. అందుచే ఆపరేషను వాయిదా వేసెదరు. తిట్టువారు డాక్టరును తిట్టుదురు.

ఆసుపత్రిలో పడకపై చికిత్స పొందిన రోగి గాని, అతడు అధికారమిచ్చిన మనిషి గాని చికిత్స కాగితములు కోరినచో, 72 గంటలలో ఈయవలెనని వైద్యుల ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. దీనిని మీ వార్డువారికి తెలుపుడు. గ్రామ ఆరోగ్య పారిశుధ్య పోషకాహార కమిటీలో పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. ఆ సమావేశమున కాలువలు, దోమలతోపాటు ఒక గంట ఈ మాటలకును కేటాయించి, ఏ.ఎన్.ఎం.ను, వీలైనచో వైద్యుని పిలిచి అడుగుడు. అడుగుట చిన్నతనము కాదు.

ఆ కూలీ రెండవసారి మందులు పూర్తిగా వాడినాడు. ఇప్పుడు కోతలకు పోవుచున్నాడు. ఏ కాగితము వచ్చినను మావద్దకు తెచ్చి, "మానవలెనా, కొనసాగించవలెనా?" అని ఒకే ప్రశ్న వేయును. మేము సమాధానము చెప్పము. కాగితమును, అతనిని వెంటబెట్టుకొని వైద్యునివద్దకు పోయి ఆ ప్రశ్ననే అక్కడ అడుగుచున్నాము.