బయ్యారం ఇనుము, పెంబర్తి ఇత్తడి, ఒక లెక్క

రసాయనశాస్త్రం బోధించిన మాస్టారి పేరిట జరుగుతున్న సభ కనుక బోర్డు మీది లెక్కతోనే మొదలుపెట్టడం న్యాయం. ముడిసరుకు కోసం దూరం పోనక్కర్లేదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం గుట్టల్లో ఇనుపరాయి ఉంది. భూపాలపల్లి నేల కింద సింగరేణి బొగ్గు ఉంది. ఆ రాయిలోంచి ఇనుము తీస్తే చేతికి ఎంత వస్తుంది, గాలిలో ఎంత కలుస్తుంది?

ఇనుపరాయిని స్వచ్ఛమైన హెమటైట్ అనుకుందాం. రెండు ఇనుప పరమాణువులు, మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన ఆక్సైడ్ అది. ఫార్ములా భారం 159.7. ఆ ఆక్సిజన్‌ను ఊడలాగడానికి మూడు కార్బన్ మోనాక్సైడ్ అణువులు కావాలి. వాటి భారం 84. లోపలికి పోయింది మొత్తం 243.7, బయటికి వచ్చిన ఇనుము 111.7. ఇనుమును మొత్తంతో భాగించి నూరుతో హెచ్చిస్తే 45.8. కొలిమి ఎంత నేర్పుగా నడిపినా, ఒక్క గ్రాము వృథా కాకున్నా, ఈ చర్యలో కిలో ఇనుముకు సుమారు 1.18 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుట్టక తప్పదు. తప్పు పనివాడిది కాదు, సమీకరణానిది. ఇందాకటి 45.8 లాంటి శాతాన్నే ఆటమ్ ఎకానమీ, అంటే పరమాణు పొదుపు అంటున్నారు.

సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు, బ్లాస్ట్ ఫర్నేస్‌కు పనికిరాదని ఎవరైనా లేచి అడగొచ్చు. నిజమే. అయినా ఆ బొగ్గుతోనే ఇనుము తీయవచ్చని పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా 1980లో చేసి చూపించింది. అక్కడ తిరిగే కిల్న్ వేరు, ఉష్ణోగ్రత వేరు; ఆక్సిజన్‌ను లాగేది మాత్రం ప్రధానంగా అదే కార్బన్ మోనాక్సైడ్. కాబట్టి 45.8 కదలదు.

ఈ లెక్కకు కావలసిన సరంజామా అంతా ఎప్పటినుంచో ఉంది. రసాయన చర్యలో ద్రవ్యం పుట్టదు, నశించదని లవోయిజియే 1789 నాటికే గ్రంథస్థం చేశాడు. అయినా ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు కెమిస్టులు పట్టించుకున్నది దిగుబడినే. రావలసిన సరుకులో నూటికి తొంభై వంతులు వస్తే చాలు, భుజాలు ఎగరేసేవారు. పక్కన కుప్పపడేదాన్ని ఎవరూ తూకం వేయలేదు. 1954లో వెలువడిన విట్టిగ్ చర్యనే చూడండి. సైక్లోహెక్సనోన్‌లోని ఆక్సిజన్ తీసి అక్కడ ఒక కార్బన్ పెట్టడానికి 276 భారం ఉన్న ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని ఖర్చుపెట్టాలి. ఆఖరికి 96 భారం సరుకు, 278 భారం చెత్త. దిగుబడి నూటికి నూరు వచ్చినా పరమాణు పొదుపు 26 దాటదు. ఆ పనికి 1979లో నోబెల్ ఇచ్చారు, ఇవ్వదగినదే. చెత్త గురించి అడిగేవాళ్లు ఇంకా రాలేదంతే.

అడిగినవాడు బారీ ట్రోస్ట్. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్. 1991లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ప్రశ్న చిన్నది: లోపలికి వేసిన పరమాణువుల్లో సరుకులోకి చేరేవి ఎన్ని?

ఆ ప్రశ్నకు మందుల ఫ్యాక్టరీల్లో దొరికిన పేరున్న జవాబు ఇబుప్రోఫెన్. హైదరాబాద్‌కు ఈ మందు పాత చుట్టం. డాక్టర్ రెడ్డీస్‌కు అమెరికా ఎఫ్‌డీఏ తొలి ఆమోదం 1987లో దీనికే దక్కింది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాక తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. దాంతో కొత్త దారి వెతకడమే ఇక్కడి కెమిస్టుల వృత్తి అయింది. దారి మారితే చెత్త కూడా మారుతుంది. బూట్స్ కంపెనీ పాత పద్ధతిలో ఆరు మెట్లు: లోపలికి 514.5, మందు 206.3, అంటే 40 శాతం. 1992లో టెక్సస్‌లో బీహెచ్‌సీ కంపెనీ మూడు మెట్లలో అదే మందు తీసింది. ఐసోబ్యూటైల్ బెంజీన్ 134.2, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ 102.1, హైడ్రోజన్ 2, కార్బన్ మోనాక్సైడ్ 28, అన్నీ కలిపి 266.3. పొదుపు 77 శాతం. మిగిలిన 60 భారం ఎసిటిక్ ఆమ్లం. దాన్ని పట్టి తిరిగి వాడుకుంటే లెక్క 99కి ఎగబాకుతుంది. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల చెత్త పారిన నక్కవాగు ఒడ్డున బతికినవాళ్లకు 40కీ 77కీ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

జనగామ పక్కనే ఉన్న పెంబర్తికి వస్తే లెక్క తమాషాగా మారుతుంది. ఇత్తడి రేకును లక్క మీద బిగించి, ఉలితో మెల్లగా కొడుతూ బొమ్మను ఉబ్బెత్తుగా లేపుతారు. అక్కడ రసాయన చర్యే లేదు, రాగీ జింకూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కత్తిరించగా మిగిలిన ముక్క మళ్లీ కరిగించడానికి పోతుంది. ఖర్చంతా అంతకుముందే జరిగిపోయింది. జింక్ ఆక్సైడ్‌ను బొగ్గుతో కాల్చి జింకు తీసే పాత పద్ధతిలో 93.4 లోపలికి పోతే 65.4 వస్తుంది, 70 శాతం. ఇనుము కంటే నయమే.

ఇంత ముచ్చటైన కొలతకు గుడ్డితనమూ ఉంది. ఇనుపరాయిలోని సిలికా, మట్టి ఈ సమీకరణంలో కనపడవు. బయ్యారం ఉక్కు కర్మాగారం ప్రస్తావన 2014 పునర్విభజన చట్టంలోకి ఎక్కింది. అది ముందుకు కదలకపోవడానికి కేంద్రం చెప్పిన కారణాల్లో ఖనిజం నాణ్యత ఒకటి, దాన్ని 45.8 అనే అంకెలో వెతికితే దొరకదు. హైడ్రోజన్‌తో ఇనుము తీస్తే 67 శాతం, పక్కన పడేది నీళ్లే. బాగుంది. కానీ ఆ హైడ్రోజన్‌ను సహజవాయువు, ఆవిరి నుంచి తీస్తే ఆ మెట్టు పొదుపు 15.5 శాతమే. ఏ మెట్టు దగ్గర లెక్క మొదలుపెట్టారో అడగకుండా ఎవరి శాతాన్నీ నమ్మకూడదు.

దేన్ని సరుకు అంటున్నారో కూడా అడగాలి. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. అక్కడ 12 భారం కార్బన్, 32 భారం ఆక్సిజన్‌తో కలిసి 44 భారం కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. సోడా కంపెనీ అడిగితే పొదుపు నూటికి నూరు. కరెంటు కోసం వేడి అడిగితే సున్నా, వేడికి పరమాణువులు లేవు గనుక. బూడిద అసలు ఈ లెక్కలోకే రాదు. సిమెంటుకూ ఇటుకలకూ పనికొచ్చే సరుకు అది.