ఓడకు పెట్టిన పేరు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు సముద్రం ఎంతో దూరం. మనకు తెలిసిన నీళ్లు జూరాల, బీచుపల్లి, సోమశిల. మనం ఎక్కింది పుట్టి. అయినా మన ఏరు పేరు సముద్రం మీద తిరిగింది. ఆ ముచ్చట చెబుతాను.

అమెరికాలో యుద్ధనౌకలకు తొలితరం నౌకాదళ అధికారుల పేర్లు పెట్టే ఆనవాయితీ ఉంది. 1804లో ట్రిపోలీ రేవులోకి చొరబడి, శత్రువుల చేజిక్కిన తమ ఓడ ఫిలడెల్ఫియాను తగలబెట్టి వచ్చినవాడు స్టీఫెన్ డికేటర్. ఆ పేరుతో ఇప్పటికి ఐదు నౌకలు వచ్చాయి. అసలు ఆ ఫిలడెల్ఫియాను పోగొట్టుకున్న కెప్టెన్ విలియం బెయిన్‌బ్రిడ్జ్. నెలల తరబడి ఖైదులో ఉన్నాడు. 1812లో మళ్లీ కెప్టెన్‌గా నిలబడి బ్రిటిష్ నౌక జావాను ఓడించాడు. ఆయన పేరుతోనూ నౌకలున్నాయి. ఓడినవాడిని కూడా తీసిపారేయలేదన్నమాట.

మన దేశంలో నౌకలకు ఎక్కువగా నదులు, నగరాలు, ఆయుధాల పేర్లు పెడతారు. మనుషుల పేర్లు ఒడ్డున ఉండే స్థావరాలకు పెట్టారు: ముంబయిలో ఆంగ్రే, కుంజాలి. విశాఖలో జలాంతర్గాముల శిక్షణ కేంద్రం పేరు శాతవాహన. నాణేల మీద ఓడ బొమ్మ ముద్రించిన రాజవంశానికి తగిన గౌరవమే అది.

ఇక మన కృష్ణ. 1943లో బ్రిటన్‌లో తయారైన ఒక నౌకకు 'కిస్ట్నా' అని పేరు పెట్టారు. ఆంగ్లేయుల నోట మన కృష్ణ అలా పలికింది. స్వాతంత్ర్యం వచ్చాక అదే 'ఐఎన్‌ఎస్ కృష్ణ' అయింది. ఆ నౌక సేవ ముగిశాక, ఫాక్‌లాండ్ యుద్ధంలో పాల్గొన్న బ్రిటిష్ నౌక ఆండ్రొమెడాను 1995లో మనవాళ్లు కొని మళ్లీ కృష్ణ అనే పిలిచారు. 2012 వరకు అది శిక్షణ నౌకగా పనిచేసింది. అంటే కృష్ణ పేరున్న డెక్కు మీద ఎందరో కుర్రాళ్లు సముద్రం నేర్చుకున్నారు.

గోదావరి కథా అంతే. దేశ విభజనలో మొదటి గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయింది. 1983లో మనవాళ్లే డిజైన్ చేసి, ముంబయి మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్‌కు ఆ పేరు తిరిగి వచ్చింది. 1988లో మాల్దీవుల నుంచి బందీలతో పారిపోతున్న కిరాయి సైనికుల ఓడను అడ్డుకున్నది ఆ గోదావరే.

ఖుక్రీ మాట చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. 1971 డిసెంబర్ 9న అరేబియా సముద్రంలో ఆ నౌక మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలలేదు. 194 మంది ప్రాణాలు పోయాయి. మునిగిన ఓడ పేరు అపశకునమని ఎవరూ అనుకోలేదు. 1989లో కొత్త నౌకకు ఆ పేరే పెట్టారు. ఇనుము తుప్పు పడుతుంది, పేరు తర్వాతి ఓడ ఎక్కుతుంది.

ఇదంతా ఇక్కడ ఎందుకంటే, ఈ స్వర్ణోత్సవంలో మన బడి గ్రంథాలయానికి, కొత్త గదులకు పేర్లు పెట్టే ఆలోచన ఉంది. ఎక్కువ చందా ఇచ్చినవారి పేరు పెడదామని కొందరంటున్నారు. దాతల మేలు మరువం. వారి పేర్లు గోడ మీద పలకలో చక్కగా రాయిద్దాం. కానీ గది పేరు వేరు. రోజూ పిల్లల నోట పలికే మాట అది. 'ఈయనెవరు సార్?' అని ఒక పిల్ల అడిగితే, 'ఇంత డబ్బిచ్చారు' అని ఒక్క ముక్కలో అయిపోకూడదు. చెప్పడానికి ఒక కథ ఉండాలి.

ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన సారు పేరు కావచ్చు. వేళ తప్పకుండా గంట కొట్టిన అటెండర్ పేరు కావచ్చు. పదో తరగతి తప్పి, మళ్లీ రాసి, పైకొచ్చిన విద్యార్థి పేరైనా కావచ్చు. బెయిన్‌బ్రిడ్జ్‌కు దక్కిన న్యాయం మనవాడికి దక్కకూడదా? ఇంకో మాట. రేపు ఆ గది కూలి కొత్తది కట్టినా పేరు మాత్రం దానికి మారాలి. ఇది తీర్మానంలోనే రాసుకుందాం.

మీరంతా ఆలోచించి నిర్ణయించాలని మనవి.