ఒకవైపే కన్నులుగల మీనము
(యాదగిరిగుట్ట సభయందు చేసిన యుపన్యాసము)



సముద్రమునకు బహుదూరముననున్న యీ యాదగిరిగుట్టయందు సముద్రపుఁజేపను గూర్చి ప్రసంగించుట కొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. చెఱువులలోని కొఱ్ఱమీనును, బొచ్చెను నెఱిఁగిన మనకు దానితో నేమి పని యందురు. వల పట్టినవానికి నీటిలోని జీవమంతయుఁ దన చదువే యని నా యభిప్రాయము.

బల్లపరుపు చేపలలో సెట్టోడిడే యనునది మిక్కిలి చిన్న కుటుంబము. అందు మూఁడే జాతులు. రెండు పశ్చిమాఫ్రికా తీరమువి. మూఁడవది మన తీరమునఁ గలదు. దాని శాస్త్రనామము సెట్టోడిస్ ఎరుమై. ‘ఎరుమై’ యరవమాట, ఎనుమని యర్థము. ఈ నామము 1801లో బ్లాక్ ష్నైడరుల గ్రంథమున కెక్కెను. 1803లో పాట్రిక్ రస్సెల్ దొర విశాఖపట్టణపు చేపలు 200 చిత్రింపించి, జాలరులు పలికిన పేర్లతోనే లండనునఁ బ్రకటించెను. ఆ దొరకు గురువులు మన వృత్తివారే గదా!

ఈ చేప పిల్ల పుట్టినపుడు తక్కిన చేపలవలెనే నిలువుగా నీఁదును, చెఱియొకవైపునఁ గన్నుండును. పెరుగుకొలఁది నొక కన్ను తలమీఁదికిఁ గదలును. నాలుకచేపలలో నా కన్ను పూర్తిగా నావలి ప్రక్కకుఁ బోవును. దీనిలోనన్ననో తల యంచుననే నిలిచిపోవును. వీఁపు ఱెక్క కన్నుదాఁక సాఁగక వెనుకనే మొదలగును; దాని మొదట గట్టి ముండ్లుండును. కొన్నిటికిఁ గన్నులు కుడివైపున, కొన్నిటికి నెడమవైపున నుండును; రెండును నించుమించు సమసంఖ్యయే. నోరు పెద్దది, పండ్లు వాఁడివి. అడుగునఁ బొంచియుండి చిన్న చేపలను బట్టి మ్రింగును. రెండడుగులవఱకుఁ బెరుగును.

సగము కదలిన కన్ను చేపకేమి మేలని 1871లో మైవర్టు పండితుఁడు డార్విను నాక్షేపించెను. డార్విను 1872లోఁ బ్రత్యుత్తరమిచ్చెను గాని, నడిమి దశ చూపు సాక్ష్యము చాలకాలము దొరకలేదు. 2008లో ఫ్రీడ్మను శాస్త్రజ్ఞుఁడు ఇటలీ శిలలలోని సుమారు 5 కోట్ల యేండ్లనాఁటి చేపలను బరీక్షించి, వాని కన్ను సగము దారిలోనే నిలిచినదని చూపెను. మన తీరపుఁజేప యా పురాతనరూపమునకు మిక్కిలి దగ్గఱది.

అడుగునఁ బొర్లు చేప గావున, సముద్రపుటడుగు నీడ్చు యంత్రపువలలకు సులువుగాఁ జిక్కును. పిల్లయుఁ దల్లియు నొక్కటే. తూర్పుతీరమున నేఁటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపునావల వేట నిషిద్ధము. మన చెఱువులలో మాత్రము సన్నకన్నుల వలతో వ్రేలెడు పిల్లలను సైత మీడ్చుచున్నారము. ఎదుగని చేప గ్రుడ్డు పెట్టదని మీకు నేను జెప్పనేల? వలకన్ను ఇంతకుఁ దగ్గరాదని ఈ సభవారు నేఁడే యొక తీర్మానము గావింపఁ గోరుచున్నాను.